పైపు మెడ మీది పట్టీ



జనవరిలో బొల్లారం పొద్దు హైదరాబాద్ నడిబొడ్డు కన్నా చల్లగా తెల్లవారుతుంది. హకీంపేట వైపు నుంచి గాలి, కంటోన్మెంట్ చెట్లు, ఇంకా ఇళ్లు లేవని ఖాళీ జాగాలు. ఆరు గంటలకు గేటు తీస్తే కారు అద్దాల మీద మంచు తడి ఉంటుంది. మూడేళ్ల కిందట అలాంటి ఒక పొద్దున మా కారు ముందు బంపరు కింద, గచ్చు మీద, అరచేయంత ఆకుపచ్చ మరక కనిపించింది. వేలితో తాకితే జిగురుగా ఉంది. కూలెంట్ అని అర్థమైంది.

మధ్యాహ్నం వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే ఒక్క చుక్క కారలేదు. ఇరవై నిమిషాలు ఇంజను నడిపించి చూశారు. "ఏం లేదు సార్, క్లిప్పు జర లూజైంది, బిగించినం" అని పంపించారు. మర్నాడు పొద్దున అదే చోట అదే మరక. మళ్లీ వెళ్లాను, మళ్లీ బిగించారు. మూడోసారి ఎంత బలంగా తిప్పారంటే రేడియేటర్‌కు పైపు తొడిగే ప్లాస్టిక్ మెడ సన్నగా చిట్లింది. ఆ పగులు ఎవరి కంటా పడలేదు. వారం తర్వాత లోతుకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. చివరికి రేడియేటరే మార్చాల్సి వచ్చింది. పదుల రూపాయల పట్టీ దగ్గర మొదలైన సంగతి వేలల్లోకి పోయింది.

మా వీధిలో సైన్యంలో ముప్పై ఏళ్లు బండ్లు బాగుచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. అందరం సుబేదార్ సాబ్ అని పిలుస్తాం. తిరుమలగిరిలో సైన్యం వారి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది కాబట్టి ఇలాంటి పనితనం తెలిసిన చేతులు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఆయన పాత పైపును, దాని మీది క్లిప్పును చేతిలోకి తీసుకుని తిప్పి చూసి ఒక్క మాట అన్నారు. "క్లిప్పు గట్టిగా ఉంటే చాలదు బాబూ, గుండ్రంగా ఉండాలి. ఇది ఈ పైపుది కాదు."

ఆ మాట పట్టుకునే ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను. రేడియేటర్ పైపుల మీది పట్టీని మనవాళ్లు హోస్ క్లిప్పు అంటారు, హోస్ క్లాంప్ అంటారు. దాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్చుకోవాలి అన్నదే నేటి విషయం.

ముందు ఆ పట్టీ మీద ఎంత భారం ఉందో చూద్దాం. సికింద్రాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తున మన వంటింట్లో గిన్నెలో నీళ్లు 98 డిగ్రీల సెల్సియస్ దాటగానే మరుగుతాయి. కారు ఇంజనేమో మామూలుగా నడిచేదే 90 డిగ్రీల దగ్గర. మే నెలలో బయట 42 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు సిగ్నల్ దగ్గర నిలబడితే లోపల నీరు 100 దాటడం వింతేమీ కాదు. మరి మరిగిపోకుండా ఎలా నిలుస్తుంది? రేడియేటర్ మూత వల్ల. దాని మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు అన్ని కిలోల ప్రెజర్ దాకా అది లోపలి నీటిని బిగపట్టి ఉంచుతుంది. వంటింటి కుక్కర్‌లో విజిల్ వచ్చేటప్పటి ప్రెజర్ కూడా దాదాపు అంతే. ఆ ప్రెజర్‌లో వట్టి నీరైనా దాదాపు 120 డిగ్రీల దాకా మరగదు.

ఇప్పుడు పై పైపు సంగతి. లోపలి వ్యాసం 32 మిల్లీమీటర్లు ఉన్న పైపు నోటి వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు. 1.1 కిలోల ప్రెజర్ దగ్గర ఆ పైపును మెడ మీద నుంచి ఊడదీయాలని తోసే బలం దాదాపు 9 కిలోలు. అంటే ఆ అతుకుకు 9 కిలోల బియ్యం మూట వేలాడదీసినట్టు. ప్రతి ప్రయాణంలో ఆ మూట వేలాడుతుంది, ఇంజను చల్లారాక దిగుతుంది. దాన్ని మోసేది వేలెడు వెడల్పు కూడా లేని ఒక రేకు పట్టీ. దాన్ని చిల్లర సామాను లెక్కన చూడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

బజారులో ఎక్కువగా దొరికేది స్క్రూ తిప్పితే బిగిసే పట్టీ. స్క్రూ మరలు పట్టీ మీది గాట్లలో పడి దాన్ని లాక్కుంటూ పోతాయి. దీన్ని ఇంగ్లండులో లమ్లీ రాబిన్సన్ అనే నౌకాదళ అధికారి 1921లో పేటెంట్ చేయించి, జూబిలీ క్లిప్పు పేరుతో తయారు చేశాడు. మా బొల్లారం వాళ్లకు జూబిలీ అంటే ముందు జూబిలీ బస్ స్టేషన్ గుర్తొస్తుంది గానీ, పాత హార్డ్‌వేర్ దుకాణాల్లో పెద్దలు ఇప్పటికీ ఈ పట్టీని జూబిలీ క్లిప్పు అనే అంటారు. నూరేళ్లు దాటినా ఆ అమరిక దాదాపు మారలేదంటే దాని బలం అర్థమవుతుంది.

కానీ మీ కారు బానెట్ ఎత్తి చూడండి. కంపెనీ నుంచి వచ్చిన పైపుల మీద చాలా కార్లలో స్క్రూ ఉండదు. రెండు చెవులు నిక్కబొడుచుకున్న స్ప్రింగు పట్టీ ఉంటుంది. ప్లయర్‌తో ఆ చెవులు దగ్గరికి నొక్కితే పట్టీ వెడల్పవుతుంది, వదిలితే పైపును పట్టుకుంటుంది. చూడటానికి చవకగా, బలహీనంగా కనిపిస్తుంది. వాటర్ పంపు మార్చేటప్పుడో రేడియేటర్ దించేటప్పుడో చాలామంది మెకానిక్‌లు దాన్ని పక్కన పడేసి కొత్త స్క్రూ క్లిప్పు వేస్తారు, మనకు మేలు చేస్తున్నామనే అనుకుంటారు. మా కారులో జరిగిందీ అదే.

ఆ స్ప్రింగు పట్టీ ఎందుకుందో సుబేదార్ సాబ్ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. రబ్బరు వేడికి ఉబ్బుతుంది, చలికి ముడుచుకుంటుంది. అల్యూమినియం కూడా ఉబ్బుతుంది గానీ రబ్బరు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది. మా ఊళ్లో జనవరి పొద్దున 12 డిగ్రీలున్న పైపు, అరగంటలో 90 డిగ్రీలకు చేరుతుంది. స్క్రూ పట్టీ బిగించిన చోటే ఉంటుంది, కదలదు. ఉబ్బిన రబ్బరుకు పోయే దారి లేక పట్టీ అంచుల బయటికి ఒత్తుకుపోతుంది. అలా నెలల తరబడి ఒత్తుకున్న రబ్బరు ఆ ఆకారానికే అలవాటుపడి, దాని సాగుడు చచ్చిపోతుంది. చల్లారాక ముడుచుకున్నప్పుడు పట్టీకీ మెడకీ మధ్య పట్టు వదులవుతుంది. చుక్క చుక్కగా కారుతుంది. ఇంజను వేడెక్కగానే రబ్బరు మళ్లీ ఉబ్బి కన్నం మూసుకుంటుంది. చలిపొద్దున కారి మధ్యాహ్నానికి మాయమయ్యే లీకు ఇదే. వర్క్‌షాప్‌లో వేడి ఇంజను మీద వెతికితే ఎన్ని గంటలైనా దొరకదు. స్ప్రింగు పట్టీ అయితే రబ్బరు ఉబ్బితే తానూ విచ్చుకుంటుంది, ముడుచుకుంటే తానూ దగ్గరవుతుంది. అందుకే కంపెనీలు దాన్ని పెడతాయి.

కాబట్టి నా మొదటి మాట: కంపెనీ స్ప్రింగు పట్టీ తుప్పు పట్టక, సాగిపోక, బలంగా ఉంటే దాన్ని పారేయనివ్వకండి. తీసి భద్రంగా పెట్టమని చెప్పి, మళ్లీ దాన్నే వేయించుకోండి. పాత పైపునే తిరిగి తొడుగుతుంటే, రబ్బరు మీద ఆ పట్టీ ఇదివరకు పడేసిన గాడిలోనే దాన్ని కూర్చోబెట్టాలి. తీసేటప్పుడు చెవులు ప్లయర్ నుంచి జారితే పట్టీ ఎగిరి ముఖానికి తగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని.

స్ప్రింగు పట్టీ విరిగిపోయినా, పాతకాలపు కారైనా, స్క్రూ పట్టీ కొనక తప్పదు. కొలత ఇక్కడే ముఖ్యం. దుకాణంలో "రేడియేటర్ క్లిప్పు ఇవ్వండి" అని అడిగితే వాళ్లు చేతికందింది ఇస్తారు. కొలవాల్సింది పైపు లోపలి వ్యాసం కాదు. పైపు మెడ మీద తొడిగి ఉన్నప్పుడు దాని బయటి వ్యాసం కొలవాలి. వెర్నియర్ లేకపోతే ఒక దారం చుట్టి, ఆ పొడవును 3.14తో భాగించండి. 32 మిల్లీమీటర్ల పైపుకు రబ్బరు మందం కలుపుకుంటే బయటి వ్యాసం 40, 42 దాకా వస్తుంది. క్లిప్పు మీద 25–40, 32–50, 40–60 అని అంకెలు కొట్టి ఉంటాయి. 41 మిల్లీమీటర్ల పైపుకు 25–40 అసలు చాలదు. 40–60 సరిపోతుంది కదా అనిపిస్తుంది, పొరపాటు జరిగేది అక్కడే. పెద్ద పట్టీని చివరిదాకా బిగిస్తే స్క్రూ కూర్చునే ఇల్లు, అంటే హౌసింగ్, ఉన్న చోట వంపు తిరగక చదునుగా నిలబడుతుంది. పట్టీ గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం అవుతుంది. ఆ చదును కింద రబ్బరు మీద ఒత్తిడి ఉండదు, నీరు దారి వెతుక్కునేది ఆ సందులోంచే. పైగా మిగిలిన తోక బయటికి పొడుచుకొచ్చి చెయ్యి కోస్తుంది, పక్క పైపును రాసుకుంటుంది. 41కి సరైనది 32–50. మీ కొలత ఆ రెండు అంకెల నడుమ పడాలి. సుబేదార్ సాబ్ గుండ్రంగా ఉండాలన్నది ఇందుకే. మా కారుకు వేసింది 40–60, తోక మడిచి మరీ.

తర్వాత పట్టీ లోపలి వైపు వేలు పెట్టి తడిమి చూడండి. చవక రకాల్లో స్క్రూ మరల కోసం పట్టీకి ఆవలి దాకా చిల్లులు కోసి ఉంటాయి. బిగించే కొద్దీ, జంతికల గొట్టంలోంచి పిండి వచ్చినట్టు రబ్బరు ఆ చిల్లుల్లోకి ఉబికి, అంచులకు కోసుకుపోతుంది. మంచి రకంలో చిల్లులుండవు, పైన గాట్లు మాత్రం నొక్కి ఉంటాయి, లోపలి వైపు నున్నగా ఉంటుంది, అంచులు కొద్దిగా పైకి మడిచి ఉంటాయి. రంగురంగుల సిలికాన్ పైపులు వేయించుకున్నవారు ఈ నున్న రకం తప్ప ఇంకేదీ వాడకూడదు. సిలికాన్ రబ్బరు కన్నా మెత్తన, త్వరగా తెగుతుంది.

ఇక లోహం. రాణిగంజ్‌లో వరుసగా హార్డ్‌వేర్ దుకాణాలున్నాయి, అక్కడ అన్ని రకాలూ దొరుకుతాయి. "స్టీల్ క్లిప్పే సార్" అంటే ఆగి, స్క్రూ కూడా స్టెయిన్‌లెస్సేనా అని అడగండి. చాలా క్లిప్పుల్లో పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం జింకు పూత పూసిన మామూలు ఇనుము. రెండు వానాకాలాలకు స్క్రూ తుప్పు పట్టి బిగుసుకుపోతుంది, తర్వాత కోసి తీయాల్సిందే. డబ్బా మీద డబ్ల్యూ 1, డబ్ల్యూ 2, డబ్ల్యూ 4 అని రాసి ఉంటుంది. డబ్ల్యూ 1 అంతా పూత ఇనుము. డబ్ల్యూ 2లో పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం పూత ఇనుము. డబ్ల్యూ 4 అంటే పట్టీ, స్క్రూ, ఇల్లు మూడూ మంచి స్టెయిన్‌లెస్. రాత లేకపోతే చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. స్క్రూకు గట్టిగా అంటుకుంటే అది మామూలు ఇనుమనే అనుకోవచ్చు. రెండు తీగలతో చేసిన క్లిప్పులు, కట్టుడు తీగ మెలిపెట్టి బిగించడం, ఈ రెండూ రబ్బరును దారంతో వెన్న కోసినట్టు కోస్తాయి. దారిలో ఆపదకు తప్ప వాడకండి.

ఇప్పుడు మార్చే పని. ఇంజను పూర్తిగా చల్లారాలి, రాత్రంతా నిలిపిన బండి అయితే మంచిది. వేడి మీద మూత తీయకండి. ఇంతకుముందు చెప్పానే, లోపలి నీరు 100 దాటి ఉండొచ్చు, ప్రెజర్ వల్లే మరగకుండా ఉంది. మూత తిప్పగానే ఆ ప్రెజర్ పోయి, నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి పైకి చిమ్ముతుంది. ముఖాలు, చేతులు కాలేది ఇలాగే.

కింద వెడల్పు టబ్బు పెట్టి కూలెంట్ వంపండి. దాన్ని వీధిలో పారబోయకండి. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధికుక్క నాకితే దాని ప్రాణానికే ముప్పు. మా వీధిలో అందరూ కుక్కలకు అన్నం పెట్టేవాళ్లే, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

పైపు మెడకు అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్ దూర్చి పెకలించొద్దు, ప్లాస్టిక్ మెడ గీసుకుపోతుంది. పైపును చేత్తో అటూ ఇటూ మెలితిప్పితే పట్టు వదులుతుంది. ఎలాగూ కొత్త పైపు వేస్తున్నట్టయితే పాతదాన్ని నిలువునా జాగ్రత్తగా చీల్చి తీయొచ్చు. మెడ మీద తెల్లటి పొర కట్టి ఉంటే తడిగుడ్డతో తుడిచేయండి. మా ప్రాంతంలో బోరు నీళ్లు పోసిన రేడియేటర్లలో ఈ పొర బాగా కనిపిస్తుంది. కొత్త పైపు లోపల నాలుగు చుక్కల కూలెంట్ రాస్తే సులువుగా ఎక్కుతుంది. గ్రీజు, ఇంజను ఆయిలు రాయకండి, ఈ పైపుల రబ్బరు నూనెకు ఉబ్బి చెడిపోతుంది. పైపు తొడగడానికి ముందే క్లిప్పును దాని మీదికి ఎక్కించుకోవడం మరవకండి.

మెడ చివర చిన్న గట్టు లాగా ఉబ్బి ఉంటుంది. పైపు ఆ గట్టు దాటి లోపలి దాకా పోవాలి. పట్టీ ఆ గట్టుకు వెనక, పైపు కొసకు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఇవతల కూర్చోవాలి. గట్టు మీద కూర్చుంటే పట్టు ఉండదు, మరీ కొసకు పోతే జారిపోతుంది. స్క్రూ తల ఫ్యానుకూ బెల్టుకూ తగలని వైపు, మళ్లీ చెయ్యి పెట్టగలిగే వైపు తిప్పుకోండి.

బిగించడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ కన్నా, స్క్రూ తలకు సరిపడే 7 లేదా 8 మిల్లీమీటర్ల టీ-హ్యాండిల్ మేలు, జారదు. స్క్రూ మరలు చేతి బలాన్ని ఎన్నో రెట్లు చేస్తాయి, అది గుర్తుంచుకుని వేళ్లతోనే తిప్పాలి. టార్క్ రెంచి ఉన్నవారికి మూడు నుంచి ఐదు న్యూటన్ మీటర్లు సరిపోతుంది. లేనివారికి గుర్తు: రబ్బరు పట్టీ అంచులతో సమానంగా ఒదగాలి, అంచుల పక్కన ఉబికి రావడం మొదలైందంటే ఎక్కువైంది. పాత అంబాసిడర్ రేడియేటర్‌కు ఇత్తడి మెడ, దాని మీద ఎంత బలం చూపినా సర్దుకునేది. ఇప్పటి రేడియేటర్ల మెడ నైలాన్, మా కారులో చిట్లింది ఆ నైలానే.

మా దగ్గర రిసాలా బజార్ అని ఉంది. రిసాలా అంటే గుర్రపు దళం. హైదరాబాద్ కంటింజెంట్ సైన్యం బొల్లారంలో ఉన్న రోజుల పేరు అది. గుర్రం ఎక్కేవాళ్లు జీను కడుపు పట్టీ బిగించాక నాలుగు అడుగులు నడిపించి, మళ్లీ ఒకసారి సరిచూస్తారు. బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బిస్తాయి, నడిచాక వదులుతాయి. స్క్రూ క్లిప్పుకూ ఇదే పద్ధతి. కొత్తగా వేసిన తర్వాత ఇంజను ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక రబ్బరు కాస్త సర్దుకుంటుంది. అప్పుడు ఒక పావు తిప్పు చాలు. స్ప్రింగు పట్టీకి అదీ అక్కర్లేదు.

కూలెంట్ నింపాక గాలి తీయడం మరవొద్దు. హీటర్ వేడి మీద పెట్టి, ఇంజను నడిపి, పై పైపూ కింది పైపూ రెండూ వెచ్చబడే దాకా ఆగండి. థర్మోస్టాట్ తెరుచుకుందని అప్పుడు తెలుస్తుంది. చల్లారాక మట్టం చూసి మళ్లీ పోయండి. కలపడానికి డిస్టిల్డ్ వాటరే వాడండి.

డాష్‌బోర్డ్ మీది వేడి ముల్లును మరీ నమ్ముకోవద్దు. నీరు బాగా తగ్గితే సెన్సర్ నీటిలో కాక గాలిలో ఉంటుంది, అప్పుడది ఉన్న వేడిని సరిగ్గా చూపదు. ఇంజను లోపల కాలిపోతున్నా ముల్లు మామూలుగానే ఉండొచ్చు. మేడ్చల్ వైపో, శామీర్‌పేట వైపో పోతుండగా పైపు కొస చీలిందనుకోండి, బండి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. చీలింది కొసే అయితే, పైపు పొడవు కాస్త ఎక్కువగా ఉంటే, ఆ అంగుళం కోసి మళ్లీ తొడిగి ఇల్లు చేరవచ్చు. అందుకే డిక్కీలో మీ పైపు కొలతకు సరిపడే రెండు క్లిప్పులు, ఒక టీ-హ్యాండిల్, రెండు లీటర్ల నీళ్లు ఉంచుకోండి.

డిసెంబరులో మా బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి రాష్ట్రపతి వచ్చినప్పుడు రాజీవ్ రహదారి మీద బండ్లు ఆపుతారు. ఇంజన్లు ఆపకుండా అలాగే నిలబడి ఉంటాం, లోపల వేడి పెరుగుతుంది. ఆ రోజు కన్నా ముందే ఒక చిన్న పని చేసి చూడండి. రేపు పొద్దున, బండి స్టార్ట్ చేయకముందు, ఇంజను చల్లగా ఉండగా బానెట్ ఎత్తండి. రేడియేటర్ పై పైపు రెండు కొసలు, కింది పైపు రెండు కొసలు, ఈ నాలుగు చోట్లా పట్టీ చుట్టూ వేలు తిప్పండి. వేలికి తడి గానీ, ఎండిన కూలెంట్ పొడి గానీ అంటితే ముందు ఆ పట్టీ మార్పించండి. మార్చేటప్పుడు మీరూ పక్కనే నిలబడి, స్క్రూ తిప్పే చేతిని సమయానికి ఆపండి.